పవళింపు సేవ ఎవరి కొఱకు?

దేవాలయములయందు సుప్రభాతముతో మొదలైన నిత్యసేవలు రాత్రి ఏకాంతసేవతో ముగియుట భక్తులందఱు ఎఱిగినదే. తిరుమలలో ఆ వేళకు తాళ్ళపాక వారి లాలి వినబడును. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి జరుగును. పాలు, పండ్లు నివేదనమై, పానుపు సిద్ధమై, చివరకు తలుపులు మూయబడును. చిన్ననాడు ఈ సేవను గూర్చి మా తాతగారిని నేనొక ప్రశ్న అడిగి చీవాట్లు తింటిని. "తాతా! దేవునికి నిజముగానే నిద్ర వచ్చునా, లేక అయ్యగారు ఇంటికి పోవలెనని స్వామిని పండబెట్టునా?" తాతగారు ముందు కోపపడిరి. కొంతసేపటికి తామే పిలిచి, "రెండును ఉండవచ్చునురా. ఏది ముందో లోపలనున్న వానికి తెలియును" అనిరి.

డెబ్బది సంవత్సరముల తరువాత ఆ మాట నా యింటి గుమ్మములోనికే వచ్చి నిలిచినది. నా భార్యకు ప్రతిరాత్రి నేను మందు ఇచ్చి పండబెట్టుచున్నాను. అది ఎవరి కొఱకు?

మేము హైదరాబాదు పాతబస్తీలో దూద్‌బౌలి ప్రాంతమున కాపురమున్న వారము. వివాహమై యేబది యేండ్లు దాటినది. గత ఆఱేండ్లుగా ఆమెకు మఱపు ముదురుచున్నది. మొదట పొయ్యిమీది పాలు మఱచినది. పిమ్మట ధనుర్మాసమున తిరుప్పావై చదువుచు ఒక పాశురము నుండి మఱొక పాశురములోనికి జారినది. తరువాత కూతురి పేరు, ఆ తరువాత నా పేరు. డాక్టర్లు దీనిని డిమెన్షియా అందురు. అందులో ఎక్కువగా కనబడు అల్జైమర్ వ్యాధిని 1906లో ఆలోయిస్ అల్జైమర్ అను జర్మను వైద్యుడు మొదట వర్ణించెను. ఆయన చూచిన రోగి ఏబదియొక్క యేండ్ల గృహిణి. 1901లో ఆమెను ఇంట నిలుపుకొనలేక ఆసుపత్రిలో చేర్చిన వాడు భర్తయే. ఈ సంగతి చదివిన నాడు నాకు ఆ వైద్యుని కంటె ఆ భర్తయే ఎక్కువగా జ్ఞాపకమున్నాడు. మనదేశమున అఱువది యేండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా సుమారు 88 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారని 2023లో ప్రకటితమైన అంచనా. వారి ప్రక్కన ఎందఱు భర్తలు, ఎందఱు భార్యలు మేల్కొని యున్నారో ఆ లెక్కలో చేరదు.

మన నగరమునకు ఈ శాస్త్రములో ఒక చోటు కలదు. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో వైద్యురాలు సువర్ణ అల్లాడి గారును, వారి సహచరులును 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక విషయము ప్రకటించిరి. ఒకే భాష తెలిసిన వారి కంటె రెండు భాషలు మాటాడు వారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినదట. చదువు రానివారిలో కూడ ఈ భేదము కనబడినదట. మా యింటావిడకు తెలుగు, ఉర్దూ రెండును నాలుక చివరనే ఉండెడివి. ఆలస్యముగా వచ్చెనేమో గాని వచ్చినది. ఇప్పుడు తెలుగులో చిక్కని మాట ఒక్కొక్కప్పుడు ఆమెకు ఉర్దూలో చిక్కును. పాలవాడు అర్థము చేసికొనును, నేను తడబడుదును.

మఱపుతో కాపురము చేయవచ్చును. కలతతో చేయుట కష్టము. సాయంత్రము దీపము పెట్టు వేళకు ఆమెలో ఏదో మేల్కొనును. "మా ఇంటికి పోతా. చీకటైతుంది, అమ్మ ఎదురుచూస్తది" అనుచు తలుపు గడియ లాగును. ఆ అమ్మ పోయి నలువది యేండ్లు. ఆ యిల్లు భువనగిరిలో ఉండెడిది, ఇప్పుడు లేదు. "ఇదే మన యిల్లు" అన్నచో నన్ను పరాయివానిని చూచినట్లు చూచును. అడ్డుపడినచో గిల్లును, కొట్టును. అన్నము పెట్టబోయిన గిన్నె విసరును. సంధ్యవేళ కలత హెచ్చుట ఈ వ్యాధిలో తఱచు కనబడు లక్షణమే. ఒకనాడు గడియ తీసికొని పోయి, పురానాపూల్ మీద కూరగాయల గంపల నడుమ నిలిచి యుండగా, మా వీధి చివరనున్న బట్టలు కుట్టు మాస్టరుగారు చూచి వెంటబెట్టుకొని వచ్చిరి. "పంతులు సాబ్, అమ్మకు ఇల్లు యాదికొస్తున్నది. కోపం చేయకుండ్రి" అనిరి. కోపము నా ముఖమున ఎంత స్పష్టముగా ఉండెనో ఆ మాటతో తెలిసినది.

అటుపై డాక్టరుగారు రాత్రికి ఒక చిన్న మాత్ర వ్రాసిరి. మొదటి వారమే ఇల్లు నెమ్మదించినది. ఎన్నో నెలల తరువాత నేను తెల్లవాఱువఱకు నిద్రపోయితిని. దాచక చెప్పవలెనన్నచో ఆ వారము నాకు ఆమె మీద కంటె ఆ మాత్ర మీద ఎక్కువ ప్రేమ కలిగినది.

ఇక నేను చేసిన పని చెప్పెదను. జియాగూడ రంగనాథస్వామి వారి ఆలయమున వైకుంఠ ఏకాదశినాడు ఉత్తరద్వార దర్శనమునకు మేమిద్దఱము తెల్లవాఱుజామున వంతెన దాటి నడచిపోవుట నలువది యేండ్ల వాడుక. ఆ యేడు ఆమెను ఆ జనసమ్మర్దములోనికి తీసికొనిపోవు వీలు లేదు. కూతురు ఊరిలో లేదు. ఎవరినైన పిలిచి కూర్చుండబెట్టవచ్చును; అడుగుటకు అభిమానము అడ్డువచ్చినది. దర్శనము మానుకొనుటకు మనసొప్పలేదు. ముందు రాత్రి ఒక మాత్రకు బదులు రెండు నూఱితిని. మందు చూచినచో ఆమె నోరు బిగించును. ప్రసాదమన్నచో కాదనదు. ఎన్ని మఱచినను ప్రసాదమునకు రెండు చేతులు దోసిలిపట్టుట మఱువలేదు. ఆ దోసిటిలో చక్కెరపొంగలి ఉంచి, అందులో ఆ పొడి కలిపి ఇచ్చితిని. ఆమె కన్నుల కద్దుకొని తినినది.

మూడు గంటలకు తాళము వేసి పోయితిని. ద్వారము తెఱచుకొనెను, గోవింద నామములు మిన్నుముట్టెను, స్వామిని చూచితిని. ఏడు గంటలకు తిరిగి వచ్చునప్పటికి ఆమె పడుకొన్నది పడుకొన్నట్లే ఉన్నది. మధ్యాహ్నము వఱకు ఎంత పిలిచినను కన్ను తెఱచి మూసినదే గాని లేవలేదు. నోటి ప్రక్క చొంగ కాఱి తలగడ తడిసినది. సాయంత్రము ఎట్లో లేచి, నాలుగడుగులు వేసి, గడప దగ్గఱ కూలినది. ఎముక విఱుగలేదు. నుదురు చిట్లినది.

డాక్టరుగారు గాయము చూచి, "ఆ రాత్రి ఆమె ఏమి గొడవ చేసినారు?" అని అడిగిరి. "ఏమియు లేదు. ఊరకనే కూర్చుండి యుండెను" అంటిని. ఆయన కలము క్రింద పెట్టి కొంతసేపు ఊరకుండిరి. మఱేమియు అడుగలేదు. ఆ అడుగని ప్రశ్న నేటికిని నన్ను వదలలేదు.

ఇచ్చట మందులను గూర్చి కొన్ని మాటలు చెప్పక తీఱదు. భక్తి వ్యాసమున ఇవి ఏలయని కొందఱికి తోచవచ్చును. కాని ఈ మందులు పూజగది ప్రక్కనున్న అలమరలోనే ఉన్నవి. చేతితో ఇచ్చువారము మనమే. కలతకు వాడు మందులలో పెక్కు వేఱొక వ్యాధి కొఱకు పుట్టినవి. హాలోపెరిడాల్ 1958లో బెల్జియము దేశమున, తీవ్రమైన ఉన్మాద వ్యాధుల కొఱకు తయారైనది. రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటయాపిన్ తరువాతి కాలపువి. 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదునేడు పరీక్షలను కలిపి చూచి, డిమెన్షియా గల వృద్ధులలో ఈ తరువాతి మందులను వాడిన వారి మరణములు ఉత్తబిళ్ల తీసికొన్నవారి కంటె ఒకటిన్నర రెట్లకు మించి యున్నవని హెచ్చరిక వేయించెను. పది వారముల పరీక్షలో ఇచ్చట నూటికి సుమారు నాలుగున్నర మంది, అచ్చట రెండున్నర మంది. 2008లో పాతమందులకును అదే హెచ్చరిక వచ్చెను. పక్షవాతము, పడిపోవుట, ఒడలు బిగియుట కూడ ఈ మందుల వలన కలుగవచ్చును. లెవీ బాడీ అను ఒక తెగ డిమెన్షియాలో హాలోపెరిడాల్ వంటివి ప్రాణము మీదికి తేగలవు. నిద్రమాత్రలు వేఱు జాతివి. అవి తికమకను, పడిపోవుటను హెచ్చించుటయే గాక ఒక్కొక్కప్పుడు కలతనే రేపును. పాత చీటీ చూపినచో అంగడిలో ఎన్ని మాత్రలైన ఇచ్చు చోట్లు ఉన్నవని నాకు తెలియును. నేనును అట్లే కొంటిని.

చెట్టుమందు చెఱుపు చేయదను భ్రమ కూడ మనలో ఉన్నది. సర్పగంధి వేరు ఉన్మాదమును అణచునని మన వైద్యులు ఎంతో కాలముగా ఎఱుగుదురు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అను వంగదేశపు వైద్యులు దీనిని వైద్యపత్రికలో ప్రకటించిరి. 1952లో దాని సారము రెసర్పిన్ అను పేర వెలువడి లోకమంతట వాడబడెను. పిమ్మట రక్తపోటు పడిపోవుట, దిగులు క్రమ్ముట చూచి చాలవఱకు మానిరి. కావున వేరైనను, బిళ్లయైనను వైద్యుని అడిగియే ఇయ్యవలెను.

అట్లని మందు విషము కాదు. కనబడని దొంగలను చూచి వణకుచు, తమకు తామే గాయము చేసికొనుచు, ఎదుటివారిని కొట్టుచు నున్నవారికి తక్కిన ఉపాయములు చాలనప్పుడు అది కరుణయే. చిన్న మోతాదు, కొద్దికాలము, సుమారు ఆఱు వారముల కొకమాఱు "ఇది ఇంకను వలయునా" యని తిరిగి చూచుట, మానునప్పుడు ఒక్కసారిగా గాక క్రమముగా తగ్గించుట, ఇవి వైద్యులు చెప్పు నియమములు. మందు మొదలుపెట్టిన తేదీ చీటీ మీద ఎట్లును ఉండును. ఆపవలసిన తేదీ మాత్రము మనము అడిగి వ్రాయించుకొనవలసినది.

మా డాక్టరుగారు ఆనాడు మందు పెంచలేదు, మార్చలేదు. సగము చేసి, ఒక నోటుపుస్తకము కొనుమనిరి. కలత వచ్చిన వేళయు, దానికి ముందు జరిగినదియు వ్రాయుమనిరి. మలబద్ధకము, మూత్రములో మంట, దాహము, చెవి వినబడకపోవుట, అద్దములో తన నీడయే ఎవరో యనిపించుట, టీవీ మోత, స్నానము చేయించు చేతి తొందర, వీనిలో ఏదైనను కావచ్చుననిరి. నాకు నమ్మకము కలుగలేదు. అయినను చేసిన తప్పునకు శిక్షగా వ్రాయ మొదలిడితిని. పదునైదు దినములు వ్రాసి చూచుకొనగా గిన్నె విసరుట ఎల్లప్పుడు వేడి అన్నమో, చల్లని పెరుగో నోట పెట్టినప్పుడే జరిగినది. పండ్ల డాక్టరునకు చూపించితిమి. ఎడమ దవడన ఒక పన్ను పుచ్చి, క్రింద చీము పట్టియున్నది. పన్ను తీసిన వారములో గిన్నె విసరుట నిలిచినది. కొట్టుట చాలవఱకు తగ్గినది. సాయంత్రము "ఇంటికి పోతా" అనుట మాత్రము నిలువలేదు. నాలుగు నెలలు నేను ఒక పంటినొప్పిని మొండితనమని పిలిచితిని. దానికి మాత్ర పెట్టి నోరు మూయించితిని.

ఇది మా యింటి వింత కాదు. నార్వే దేశమున పదునెనిమిది వృద్ధాశ్రమములలో 352 మందిపై జరిగి 2011లో ప్రకటితమైన పరీక్షలో, నొప్పికి మాత్రమే క్రమపద్ధతిని చికిత్స చేయగా ఎనిమిది వారములకు కలత సగటున నూటికి పదునేడు పాళ్ళు తగ్గెను. అందు ఎక్కువమందికి ఇచ్చినది జ్వరమునకు మనమందఱము వేసికొను పారాసిటమాల్ మాత్రయే.

మన సంప్రదాయము ఈ దారిని ఎప్పుడో చూపినది, నేను చూడలేదు. పరము, వ్యూహము, విభవము, అంతర్యామి, అర్చ అని భగవంతుని ఐదు నిలుకడలను పెద్దలు చెప్పుదురు. అర్చారూపమున స్వామి తన స్వాతంత్ర్యమును ప్రక్కకు పెట్టి, తన్ను అర్చకుని చేతిలో ఉంచుకొన్నాడని పూర్వాచార్యుల బోధ. నీరు పోసినప్పుడు స్నానము, నివేదించినప్పుడు భోజనము, పండబెట్టినప్పుడు నిద్ర. సర్వేశ్వరుడై యుండియు నోరు మెదపడు. నోరు మెదపలేదు గదా యని అర్చకుడు తనకు తోచిన వేళకు, తోచినట్లు చేయునా? చలికాలమున శాలువ కప్పును. వేసవిలో చందనము పూయును. పాలు వేడిగా నున్నవేమో యని చూచును. ఆగమములు వేళలను, పాకములను అంత నిక్కచ్చిగా విధించుట నాకు ఒకప్పుడు చాదస్తముగా తోచెడిది. ఇప్పుడు వేఱుగా తోచుచున్నది. నోరు విప్పని వానిని సేవించువాడు తన యిచ్ఛనే ఆయన యిచ్ఛయని భ్రమపడుట మిక్కిలి సులభము. ఆ భ్రమకు అడ్డుగా వేసిన కంచె ఆ విధులు. నా నోటుపుస్తకమును అట్టి కంచెయే. రోగిని స్వామితో పోల్చుట తగునా యని పెద్దలు ఆక్షేపించవచ్చును. పోల్చుట లేదు. గుడిలో నేర్చిన చేయి ఇంటికి వచ్చి వేఱొక చేయి కారాదనుచున్నాను.

మా బంధువులలో ఒక పెద్దావిడ ఈ సంగతులు విని, "అసలు ఏ మందును ఇయ్యవద్దు. మత్తులో ఉంచి ఆమెకు నారాయణ నామము కూడ దక్కకుండ చేయుచున్నావు. కడపటి వేళ స్మరణ లేకపోయిన ఏ గతి పట్టును?" అనిరి. ఆ మాటకు నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఈసారి ఆమె కలత వలన కాదు. అంత్యకాలమున దేనిని తలచిన దానినే పొందునని గీత ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది గదా! మందు సంగతి అటుంచుడు. ఈ వ్యాధియే స్మరణను హరించుచున్నది. మఱి యేబది యేండ్లు తులసికోట చుట్టు తిరిగిన ఆమె పాదములకు లెక్క లేదా?

శ్రీవైష్ణవులు వరాహ చరమశ్లోకమని కొనియాడు వచనమున దీనికి సమాధానము కలదు. ఒడలు, మనస్సు స్వస్థముగా నున్న దినములలో తన్ను ఆశ్రయించిన వాడు చివరకు ఎఱుక దప్పి పడియున్నను, అప్పుడు తలచవలసిన పని తనదేయని స్వామి భూదేవికి అభయమిచ్చెను. పెరియాళ్వార్లు శ్రీరంగనాథునితో చేసికొన్న విన్నపమును ఇట్టిదే. ఒడలు తూలి, మాట తడబడు వేళ తాను తలపలేకపోవచ్చును గనుక ఆనాటి మాటను ఈనాడే చెప్పి పెట్టుచున్నానని ఆయన మొఱపెట్టుకొనిరి. గీత పదునైదవ అధ్యాయమున భగవంతుడు జ్ఞాపకమే గాక దాని తొలగుటయు తన వలననే యని చెప్పియుండుట మనము తఱచు చదివి దాటిపోవు మాట. ఇవి నాకు ఊపిరి నిచ్చినవి. అయితే ఈ ఓదార్పును మందు హెచ్చించుటకు చీటీగా వాడుకొనవచ్చునా? స్వామి ఆమెను మఱువడను ధైర్యమున, ఆమెకు మిగిలిన తెలివిగల ఘడియలను నేను మత్తులో ముంచరాదు. మధ్యాహ్నము తులసిదళములు ముందు పెట్టి నారపోగు చేతికిచ్చినచో ఆమె నేటికిని మాల కట్టగలదు. నా పేరు తెలియని ఆ మనిషి వ్రేళ్ళకు ముడి తెలియును. మాత్ర ఎక్కువైన దినములలో నారపోగు ఒడిలో పడి యుండును. అందుచేత నేను మోతాదును ముడులతో కొలుచుచున్నాను. డాక్టరుగారు నవ్విరి గాని కాదనలేదు.

మందు దాచి పెట్టుట సంగతి మిగిలినది. సత్యమును గూర్చి కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పిన కౌశికుని కథ మీరెఱిగినదే. సత్యవ్రతుడనని ఆయన దొంగలకు దారి చూపి, పాఱిపోయినవారి చావునకు కారకుడై నరకమునకు పోయెను. ఆమె "అమ్మ ఎదురుచూస్తది" అన్నప్పుడు "మీ అమ్మ పోయి నలువది యేండ్లాయెను" అని చెప్పుట మొదట నా సత్యవ్రతము. ప్రతి సాయంత్రము ఆమెకు తల్లి క్రొత్తగా చనిపోయెడిది. ప్రతి సాయంత్రము ఏడ్పు క్రొత్తదియే. ఇప్పుడు "అమ్మ ఏమి వండును?" అని అడుగుదును. పచ్చిపులుసు అనును, సర్వపిండి అనును. అట్లు చెప్పుచు చెప్పుచు కొన్ని దినములు గడియ సంగతి మఱచును. ఇందు అసత్యము లేదని నా నమ్మకము. ప్రసాదములో మాత్ర కలుపుట ఇట్టిది కాదు. ఆమెకు లోకమున మిగిలిన ఒక్క నమ్మకమును తీసి, నా పనికి గిన్నెగా వాడుకొంటిని. ఇప్పుడు అరటిపండు ముక్కతో, "ఇది నెమ్మది కొఱకు మందు" అని చెప్పి ఇత్తును. చెప్పిన మాట ఆమెకు నిలువదు. అయినను చెప్పి ఇత్తును. వద్దన్నచో పది నిమిషములు ఆగి మరల అడుగుదును. ఏ విధముగాను తీసికొనక ప్రమాదము వచ్చు చోట ఆహారమున కలుపుట తప్పనిసరి కావచ్చును. అట్టి చోట డాక్టరునకు, ఇంటివారందఱకు తెలిసియే చేయవలెను. నెమ్మదిగా కరగునట్లు చేసిన మాత్రలు కొన్ని కలవు. వానిని నూఱినచో దినమంతటి మందు ఒక్కసారి దిగును. ప్రసాదమున మాత్రము కలుపకుడని చేతులు జోడించి వేడుచున్నాను.

ఇది చదివి, రాత్రులు మేల్కొని కన్నులు మండుచున్న ఏ యిల్లాలైనను "నేను మాత్ర ఇచ్చుట పాపమా" యని కుమిలినచో నా వ్రాత చెడినట్లే. బొత్తిగా నిద్రలేనివానికి యోగము సిద్ధింపదని గీత ఆఱవ అధ్యాయమున స్వామియే చెప్పెను. నిద్ర కోరుట నా తప్పు కాదు. అడుగవలసిన సాయము అడుగక, దాని వెలను ఆమె శరీరము నుండి వసూలు చేయుట నా తప్పు. ఈ మాట కూడ చెప్పవలెను: నేను మగవాడను గనుక భార్యకు తల దువ్వినచో వీధి యంతయు మెచ్చుకొనుచున్నది. ఇదే సేవ భర్తకు ఇరువది యేండ్లు చేసిన స్త్రీని "అది ఆమె ధర్మము" అని ఊరకుందురు. ఒకనాడు విసుగుకొన్న ధర్మము తప్పినదందురు. పాతివ్రత్యమనగా ఒంటరిగా చచ్చిపోవుట యని ఏ ఆచార్యుడును చెప్పలేదు. ఇప్పుడు వారమునకు రెండు రాత్రులు మా కూతురు వచ్చి పడుకొనుచున్నది. 1992లో కేరళమున మొదలైన అల్జైమర్ వ్యాధి సంఘమునకు మన హైదరాబాదులోను శాఖ కలదు. ఇట్టి యిండ్లవారు ఒకరి కష్టమొకరు చెప్పుకొనుటయే సగము మందు.

పెరియాళ్వార్ల మాట నాకు మఱొక పని కూడ పెట్టినది. నా వయస్సు డెబ్బదితొమ్మిది. రేపు నా గతి ఏమో తెలియదు. 2017లో చేయబడి 2018లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మతి చెదరినచో తనకు ఏ చికిత్స కావలెనో, ఏది వలదో తెలివిగా నున్నప్పుడే వ్రాసిపెట్టుటకు, తన తరఫున నిలుచుటకు ఒకరిని నియమించుటకు హక్కు నిచ్చుచున్నది. మోక్షము కొఱకు ఆళ్వార్లు చేసిన పనిని మాత్రల కొఱకు చేయుట చిన్నతనముగా కనబడవచ్చును. అయినను కూతురిని కూర్చుండబెట్టి వ్రాయించితిని. నాకు కలత వచ్చినచో మొదట నొప్పి వెదకుడు. మందు తప్పనిచో ఇండు. ఆపు తేదీ వ్రాయించుకొనుడు. ఏకాదశికి గుడికి పోవలెనన్న తప్పక పొండు. నా దగ్గఱ ఒక మనిషిని ఉంచి పొండు. ఇట్టి కాగితము నా భార్య చేత నేను వ్రాయించియుండవలసినది. పాశురము తప్పిన నాడే వ్రాయించియుండవలసినది. ఆ నాడు ఆమెను కసరితిని.

క్రిందటి వైకుంఠ ఏకాదశికి కుట్టు మాస్టరుగారి భార్య తెల్లవాఱుజామున నాలుగు గంటలకు వచ్చి కూర్చుండిరి. నేను అడిగితినని ఆవిడ ఆశ్చర్యపడిరి, "ఇన్నేండ్లు ఎందుకు అడుగలేదు?" అనిరి. నేను ద్వారము దాటి, తీర్థము తీసికొని, ఆఱు గంటలలోపలనే తిరిగి వచ్చితిని. ఇద్దఱును ఉర్దూలో ఏదో పెండ్లిని గూర్చి మాటాడుకొనుచుండిరి. అది ఎవరి పెండ్లియో నాకు తెలియలేదు. ప్రసాదము చూపగానే ఆమె చేతులు చాచినది. అందులో ప్రసాదము తప్ప మఱేమియు లేదు.

సాయంత్రము గడియ లాగినప్పుడు ఈ మధ్య నేను అడ్డుపడుట లేదు. చెప్పులు తొడిగి, "పోదాము పద" అని వీధి చివర వఱకు నడిపించి, మాస్టరుగారి దుకాణము దగ్గఱ మలుపు తిరిగి, వచ్చిన దారినే తీసికొని వత్తును. మన గుమ్మము చూచి "వచ్చినం" అనును. రాత్రి తొమ్మిదింటికి సగము మాత్ర ఇచ్చి, నాకు వచ్చిన లాలి పాడుదును. గొంతు మంచిది కాదు. ఈ నెల ఇరువదియవ తేదీన ఆ సగమును మానవచ్చునేమో చూతమని డాక్టరుగారు అన్నారు. నిన్నటి పుటలో "మాల: పదునాలుగు ముడులు" అని వ్రాసి యున్నది.